పన్నెండు వందల శుక్రవారాలు

పుట 1. బుధవారం

గాలి బాగుంది. నీటి బరువు మామూలే. పంపులు మూడూ తిరుగుతున్నాయి.

ముప్పై ఒక్క ఏళ్లు గాలిగదిలో డ్యూటీ చేసినవాడిని. పుస్తకం తెరవగానే ఆ మూడు సంగతులూ రాయకపోతే నా చెయ్యి ముందుకు కదలదు. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు ఈ ఖాళీ పుస్తకం ఇచ్చి, "పైడయ్యా, ఇందులో నీ సొంత సంగతులు రాసుకో" అన్నారు. ఆరేళ్లుగా రాయదగ్గ సొంత సంగతి ఒక్కటీ కనబడలేదు. ఈరోజు ఈ పుస్తకం చాలదేమో అనిపిస్తోంది.

నా కూతురు నూకరత్నానికి చూపు వస్తోంది!

పుట్టుకతోనే చూపు లేని పిల్ల. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. పొద్దున్న తొమ్మిదింటికి ఆపరేషన్‌కు లోపలికి తీసుకువెళ్లారు, పదకొండుంబావుకు బయటికి తెచ్చారు. రెండు కళ్ల వెనకా ఈగరెక్కంత కొత్త పొర అతికించారట. షహనాజ్ డాక్టరమ్మ ఆఖరి మునకపడవలో మా మూడోగూడుకు వచ్చింది. మళ్లీ రుతువు మారి పడవలు నడిచేదాకా ఇక్కడే ఉంటుంది. సముద్రం అడుగున పద్నాలుగు గూళ్లుంటే ఆ తల్లి మా గూడుకే రావడం నా భాగ్యం కాక మరేమిటి! ఆమె చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేశాను.

"పైడయ్యగారూ, ఈ చేతులు ఇప్పుడే కడుక్కున్నాను. మళ్లీ కడిగించారు" అందామె నవ్వుతూ.

రత్నానికి మెలకువ వచ్చింది. కళ్ల మీద తెల్లటి కట్టు. అది ఇరవై మూడు రోజులు ఉండాలి.

"నాన్నా, నాచుబెల్లం వాసనొస్తంది. అప్పుడే ఉండలు పంచీసినావేటి?"

"పంచీసినాను."

"కట్టు ఇప్పకుండానా?"

"ఇప్పినాక మళ్లీ పంచుతాను. నీకేటమ్మా!"

నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది: "కట్టు ఇప్పినాక ముందుగాల నాకు అమ్మని సూపిస్తావా?"

నా భార్య దానమ్మ పోయేటప్పటికి దీనికి పదకొండు నెలలు. తల్లి పాలు తాగింది, తల్లి గొంతు వింది, రెండూ దానికి గుర్తులేవు. "సూపించకేటి, గోడ మీదే ఉన్నాది గదా మీ అమ్మ!" అన్నాను, నా దగ్గర కోటలో ఖజానా ఉన్నట్టు.

పుట 2. శుక్రవారం

గాలి బాగుంది. నీటి బరువు మామూలే. రెండో పంపు కాస్త దగ్గుతోంది, వెళ్లి చెప్పి వచ్చాను.

శుక్రవారం కాబట్టి స్నానం చేసి దానమ్మ ఫోటో ముందు కూర్చున్నాను. ఇక్కడ పువ్వులు పూయవు, కుంకుమ దొరకదు, గోడకు మేకు కొట్టనివ్వరు. అందుకని పోయినవాళ్ల ఫోటోలు గోడ తెరలోనే ఉంటాయి, వాళ్లకు చేసేదంతా తెర మీదే చేస్తాం. ముందు పోయినవారం బొట్టును తుడిచేస్తాను. వేలితో కొత్త బొట్టు పెడతాను. దండ మారుస్తాను: ఒకవారం బంతి, ఒకవారం కనకాంబరం. దండం పెట్టుకుని, సేవ్ నొక్కి, తెర మూస్తాను. ఒక్క శుక్రవారం తప్పలేదు. నాకు జ్వరమొస్తే రత్నమే నన్ను లేపి కూర్చోబెట్టేది.

ఇందులో నాకు ఇంకో సంతోషం కూడా ఉండేది. ఫోటో ఫైలు సైజును ఇక్కడ బరువంటాం. సేవ్ నొక్కినప్పుడల్లా దానమ్మ బరువు కొంచెం తగ్గేది. మొదట్లో తొమ్మిది వందల కిలోబైట్లు, ఇప్పుడు నలభై ఒకటి. గూడులో దాచుకునే చోటు తక్కువ, ఫోటోల బరువు తగ్గించుకోండని ఏటా మీటింగు పెట్టి చెబుతారు. మాకు రెండుసార్లు 'తేలిక ఇల్లు' అని కాగితం ఇచ్చారు. ఫోటో అలాగే ఉంది, బరువు మాత్రం తగ్గింది, చూశారా నా పనితనం అని అందరికీ చెప్పుకునేవాణ్ని.

పదింటికి డాక్టరమ్మ రత్నానికి కట్టు సందులోంచి చుక్కలమందు వెయ్యడానికి వచ్చింది. "మా పిల్ల మొదట సూడాలన్నది ఈవిడనే" అని తెర తెరిచి చూపించాను.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. వెనక్కి వచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెళ్లింది.

"పైడయ్యగారూ, ఇందులో ముఖం ఎక్కడుంది?"

"అదేటి డాక్టరమ్మా, ఎదురుగా ఉంటేనూ!"

"బొట్టు కనిపిస్తోంది. దండ చాలా బాగుంది. ఆ రెండింటి మధ్య నాకు గోధుమరంగు మరక కనిపిస్తోంది. కళ్లెక్కడున్నాయో ఒకసారి వేలు పెట్టి చూపించండి."

వేలు పెట్టాను. పెట్టిన చోట కళ్లు లేవు. కొంచెం పైకి జరిపాను. అక్కడా లేవు. ముక్కు దగ్గర నుంచి వెతుక్కుందామని చూస్తే ముక్కు కూడా దొరకలేదు. ఇన్నాళ్లూ నేను వారంవారం చూసిన దానమ్మ తెర మీద లేదు, నా బుర్రలో ఉంది.

లోపలి నుంచి రత్నం పిలిచింది. "నాన్నా, ఏటయ్యింది? నీ గొంతు ఆరిపోయింది."

"ఏటీ లేదమ్మా. దుమ్ము."

సముద్రం అడుగున దుమ్మెక్కడిది?

పుట 3. శనివారం

గాలి, నీరు, పంపులు బాగున్నాయి. నేనే బాగాలేను.

కబురుగదికి వెళ్లాను. నీళ్లలో రేడియో పనిచెయ్యదు కాబట్టి గూటి నుంచి గూటికి కబురు శబ్దంగానే వెళుతుంది, టిక్కుటిక్కుమని. ఆ గదిని నడిపే మంగవేణి చేతి కింద మా రత్నం ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. వచ్చిన శబ్దంలో ఏది కబురు, ఏది సముద్రం గోల అని చెవితో తేల్చే పని. అందులో దానికి సాటి లేదని మంగవేణే అంటుంది.

"వారంవారం ఏటి సేసినావో వరసగా సెప్పు బాబాయ్" అంది. చెప్పాను.

"ఎన్నేళ్లు?"

"ఇరవై మూడు."

వేళ్ల మీద లెక్కపెట్టింది. "పన్నెండు వందలసార్లు సేవ్ నొక్కినావా! ఓలమ్మో!"

"తప్పేటి?"

"సేవ్ నొక్కినపుడల్లా యంత్రం ఫోటోని జల్లిస్తది బాబాయ్. కంటికి ఆనని పొడి కిందికి పోతది, బరువు తగ్గుతది. ఒక్కసారి జల్లిస్తే ఎవులికీ తెల్దు. జల్లించిందాన్నే మళ్లీ, దాన్నే మళ్లీ జల్లిస్తే ఇంకేటి మిగులుతది?"

"ఈ ముక్క ముందే సెప్పొద్దా?"

"ప్రతి మీటింగులోనూ సెప్పినాను. నువ్వు 'తేలిక ఇల్లు' కాగితం పట్టుకుని ముందు వరసలో కూకుని నవ్వుతుండేవోడివి."

నా వేలితోనే, నా భక్తితోనే, వారానికింత చొప్పున దానమ్మ ముఖం తుడిచేశాను. మంగవేణి కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, నేను ఏడుస్తుంటే తలుపు దగ్గరగా వేసింది. ఆ పిల్ల కడుపు చల్లగా ఉండాలి.

పాతది ఇంకెక్కడైనా ఉందా అని అడిగింది. ఉంటే ఒక్కచోటే ఉంటుంది. పదకొండోగూడులో, దానమ్మ అక్క అప్పలకొండ వదిన దగ్గర.

వదిన మాతో మాట్లాడి ఇరవై మూడేళ్లు. ఆ ఫోటో రత్నం అన్నప్రాసన నాడు నేనే తీశాను. అందులో దానమ్మ, పాప, పక్కన వదిన ఉన్నారు. వదినకు అప్పుడే ఒక నకలు పంపాను. దానమ్మ పోయాక గోడ మీదికి ఫోటో కావలసివచ్చింది. బతికున్నవాళ్ల ఫోటోకు దండ వెయ్యకూడదు కదా! అందుకని పక్కన వదిననూ కింద పాపనూ కోసేసి దానమ్మ ముఖం మటుకు ఉంచాను. బరువు కూడా కలిసొచ్చింది. తీరా పదోరోజున వదిన వచ్చి చూస్తే దానమ్మ భుజం మీద వదిన చెయ్యి, మణికట్టు దాకా, అలాగే ఉండిపోయింది.

"నా సెయ్యి ఉంచుకుని నన్ను పారేసినావా మరిదీ?" అని ఒక్కమాట అంది. భోజనం చెయ్యకుండా పడవెక్కింది.

ఉన్న మనిషికి దండ పడకూడదనే అలా చేశానని ఆరోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రోషం.

పుట 4. ఆదివారం

మూడూ బాగున్నాయి.

రత్నానికి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చెయ్యి చాచి నా ముఖం వెతుక్కుని, ముక్కు పట్టుకుని ఊపింది. "పన్నెండొందలసార్లా! అమ్మని ఇంత అరగదీసినోడివి నువ్వొక్కడివే నాన్నా." తర్వాత అంది, "పెద్దమ్మకి రాయి. నీకు రోషమైతే నేను రాస్తాను."

నేనే రాశాను. ఏం రాశానో ఇక్కడ ఎక్కించను. తప్పు ఒప్పుకున్నాను, పిల్ల సంగతి చెప్పాను. మధ్యాహ్నానికి వదిన నుంచి జవాబు వచ్చింది. మంగవేణి చదివి వినిపించింది:

"మరిదీ. ఇరవై మూడేళ్లకి నేను గుర్తొచ్చినాను, సంతోషం. ఫోటో ఉన్నాది. మీ ఇంటి కాడ్నించి వచ్చినాక తెరవలేదు. తెరిస్తే ముందు నీ మొహం గుర్తొస్తదని. బొట్టూ పెట్టలేదు, దండా ఎయ్యలేదు. నా సెల్లికి పదకొండు నెలల పిల్ల ఉన్నాది, దండేటని నాకు మనసొప్పలేదు. నా కోపానికి ఒక దండం పెట్టుకో."

కబురుగదిలో నిలబడి పదకొండోగూడు ఏ దిక్కున ఉందో మంగవేణిని అడిగి, అటు తిరిగి నిజంగానే దండం పెట్టాను. నేను ప్రేమగా వారంవారం ముట్టుకున్నది పాడైంది. ఆవిడ కోపంతో ముట్టుకోనిది భద్రంగా ఉంది.

పుట 5. సోమవారం

గాలి బాగుంది. మిగతావి చూడలేదు, క్షమించాలి.

ఫోటో ఉంది సరే, వచ్చేదెలా? వదిన బరువు చూసి రాసింది: నాలుగు వేల కిలోబైట్లు. రాసే కబురు కాక, ఇంటికి వారానికి ముప్పై కిలోబైట్లు పంపుకునే హక్కు. మొత్తం పంపాలంటే రెండున్నరేళ్లు పడుతుంది. కట్టు విప్పడానికి పద్దెనిమిది రోజులుంది. పడవలు నడవడానికి మూడు నెలలుంది. పైగా ఇంకో మూడు వారాల్లో చిటికెల రొయ్యలు గుడ్లు పెట్టే కాలం. కోట్ల రొయ్యలు ఒక్కసారి చిటికెలేస్తే ఇక శబ్దమే వినబడదు, నెలన్నర కబురుగది మూసేస్తారు.

మంగవేణి అంది, "దానమ్మ పిన్ని ముఖం మటుకు కోసి పంపమందాం. ముప్పైలో సరిపోతది."

అలాగే రాయించాను. బుద్ధుండాలి నాకు. జవాబు క్షణాల్లో వచ్చింది.

"మళ్లీ కోతేనా? కొయ్యను."

అంతే. రెండు మాటలు. రత్నానికి చెబితే, "పెద్దమ్మదే న్యాయం" అంది.

"నీకు అమ్మ ముఖం గావాలా, న్యాయం గావాలా?"

"నాకు ఫోటో అంతా గావాల. అందులో నేనూ ఉన్నాను గదా. నన్ను నేను ఎప్పుడు సూసుకున్నాను?"

ఇద్దరూ ఒకటే రక్తం. మధ్యలో నేనొకణ్ని.

పుట 6. బుధవారం

గాలి బాగుంది, నీటి బరువు మామూలే, పంపులు తిరుగుతున్నాయి, డాక్టరమ్మ నూరేళ్లు బతకాలి!

చుక్కలమందు వెయ్యడానికి వచ్చి, నా ముఖం చూసి సంగతి అడిగింది. విని, "ఆ ఫోటో వెడల్పెంత?" అంది. మూడువేల ఆరువందల చుక్కలని, అంటే పిక్సెళ్లని, మంగవేణి రాసిచ్చిన చీటీ చూపించాను.

"రత్నం కొత్త కంటికి మొదటి ఏడాది ఆరువందల చుక్కల వెడల్పే ఆనుతుంది పైడయ్యగారూ. మీరు మూడువేల ఆరువందలు పంపినా ఆమె చూసేది ఆరువందలే. మిగతాది ఆమెకు ఉన్నా లేనట్టే."

నాకు సగమే అర్థమైంది. కబురుగదికి వెళ్లి చెప్పేసరికి మంగవేణికి మాత్రం మొత్తం తెలిసిపోయింది. "ఓరి నాయనో! మనం సీరమీనంత పెద్ద సేపకి రొయ్యపిల్లల వల అల్లుతన్నాం బాబాయ్. ఏ సేపని పట్టాలో దానికి తగ్గ కన్నుతో అల్లితే సాలదేటి? పిల్ల కంటికి ఎంత ఆనుతదో అంతే పంపుదాం. ఎక్కడా కొయ్యక్కర్లేదు, ఎవుల్నీ పారెయ్యక్కర్లేదు."

వదినకు మంగవేణి పద్ధతి రాసింది. అసలు ఫోటోను ముట్టుకోవద్దు. నకలు తియ్యాలి. నకలు వెడల్పును ఆరువందల చుక్కలకు దించాలి. నాణ్యత అని ఉన్నచోట ఎనభై దగ్గర ఆపాలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి సేవ్ నొక్కాలి. బొట్టు పెట్టొద్దు, రంగు దిద్దొద్దు, బాగుందో లేదో అని మళ్లీ సేవ్ చెయ్యొద్దు. ఇదే మాట నేను ఇంకో రెండుసార్లు రాయించాను.

జవాబు: "మూడుసార్లు సెప్పక్కర్లేదు. పన్నెండొందలసార్లు నొక్కింది నేను కాదు. తూకం 84."

నాలుగు వేలు ఎనభై నాలుగైంది! ముప్పై, ముప్పై, ఇరవై నాలుగు. మూడు వారాలు. ఆఖరిది వచ్చే వారంలోనే కట్టు విప్పేది. వదిన తన వాటా మూడు వారాలూ మాకే వదిలేసింది. అంటే ఆమె మూడు వారాలు ఎవరికీ ఏ ఫోటో పంపుకోలేదన్నమాట. ఈవారం ముప్పై సాయంత్రానికి వచ్చేసింది. మూడు భాగాలూ చేరితే గానీ ఫోటో తెరుచుకోదట. మంచిదే. రత్నం చూసినప్పుడే నేనూ చూస్తాను.

పుట 7. మంగళవారం

మూడూ బాగున్నాయి.

రెండో భాగం నిన్న వచ్చింది. రత్నం పట్టుబట్టి తన చెవిగొట్టాలు ఇంటికి తెప్పించుకుంది. మంగవేణి రికార్డు చేసిన శబ్దాన్ని మంచం మీద పడుకుని మళ్లీ మళ్లీ వింది. నాకూ ఒక గొట్టం ఇచ్చింది. నాకు ఇనుపరేకు మీద ఆవాలు పోసినట్టు వినబడింది.

"ఇది సూడు నాన్నా, ఇక్కడ శబ్దం సాఫీగా పోతంది. ఏదో ఒకే రంగు. గోడేమో."

"గోడ ఆకుపచ్చమ్మా. మన పాత ఇల్లు."

"ఇక్కడ గబగబా మారతంది. ఇక్కడ చానా ఉన్నాయి." వేలెత్తి నన్ను ఆగమంది. "ఇక్కడ మొహాలుంటాయి."

కళ్లకు కట్టుతో, తల్లి ముఖాన్ని చెవితో వింటోంది నా బిడ్డ. ఇలాంటిది చూసిన తండ్రి సముద్రం మీద గానీ కింద గానీ ఇంకొకడున్నాడా? నేను లేచి వెళ్లి గిన్నెలు కడిగాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

పుట 8. మూడో సోమవారం

గాలి బాగుంది. నీళ్లు గోలగా ఉన్నాయి.

రొయ్యలు వారం ముందే మొదలుపెట్టాయి. పొద్దున్న లేచేటప్పటికే గోడలకు చెవి ఆనిస్తే చిటపట. కబురుగది సాయంత్రం నాలుగింటికి మూసేస్తామని బోర్డు పెట్టారు.

మూడో భాగం పన్నెండింటికి వచ్చింది. నలభై ఎనిమిది ముక్కలుగా వచ్చింది. అందులో పంతొమ్మిది ముక్కలు పాడైనట్టు యంత్రం ఎర్రగా చూపించింది. వదిన వాటాలో మిగిలినది ఆరు కిలోబైట్లు. అంటే పన్నెండు ముక్కలే మళ్లీ పంపగలదు. ఏడు ముక్కలు తక్కువ.

మంగవేణి నన్ను పక్కకు పిలిచింది. "బాబాయ్, ఇది ఫోటోలో అడుగుభాగం. మొహాలు పై రెండిటిలోనే వచ్చీసినాయి. కింద ఒడీ, సేతులూ, పాపా. ఏడు ముక్కలు పోతే బూడిదరంగు పట్టీలు పడతాయి, అంతే. తెరుచుకునేలాగ నేను సేస్తాను. సరిపెట్టుకుందామా?"

సరిపెట్టుకుందామనే అనుకున్నాను. ఇంటికి వెళ్లి రత్నంతో అదే చెప్పాను. అది లేచి కూర్చుంది.

"నన్ను కబురుగదికి తీసుకెళ్లు."

"డాక్టరమ్మ కదలొద్దంది."

"కళ్లు కదలొద్దంది. సెవులు కాదు."

డాక్టరమ్మను అడగడానికి పరుగెత్తాను. ఆమె నన్ను నాలుగు చివాట్లు పెట్టి, రత్నం తల కదలకుండా మెత్తలు పెట్టి, చక్రాల కుర్చీలో తనే తోసుకుంటూ తీసుకొచ్చింది. మూడుంబావు.

రత్నం చెవిగొట్టాలు పెట్టుకుంది. మంగవేణి ఎర్రముక్కలు ఒక్కొక్కటే వినిపించింది.

"ఇది పోయింది. అంతా రొయ్యే." తర్వాతిది. "ఇది మంచిదే అక్కా, మన శబ్దం కిందన సాఫీగా ఉన్నాది. రొయ్య పైన కూకుంది, అంతే. యంత్రం బెదిరిపోయింది." ఇంకోటి. "మళ్లీ ఎయ్యి. మళ్లీ. ఆ! మూడో టిక్కు తర్వాత ఒక టిక్కు ఎక్కువ. అది తీసెయ్యి, సరిపోతది."

గదిలో ఎవరూ ఊపిరి గట్టిగా పీల్చలేదు. ముప్పై ఒక్క ఏళ్లు గాలి కాపలా కాసినవాణ్ని, నేనే పీల్చలేదు. పంతొమ్మిదిలో ఎనిమిది బాగున్నాయని తేల్చింది. నిజంగా పోయినవి పదకొండు. వదిన పంపగలిగేది పన్నెండు!

పదకొండూ మళ్లీ పంపమని మంగవేణి రాసింది. మూడు యాభై రెండుకు ఆఖరి ముక్క వచ్చింది. దాని వెనకే వదిన మాట వచ్చింది: "ఇంకొక్క ముక్క మిగిలింది. అందులో ఏటి పంపను?"

రత్నమే చెప్పింది, "నీ గొంతు పంపు పెద్దమ్మా" అని. అర కిలోబైటులో గొంతు ఎంత పడుతుంది! వచ్చింది రెండే అక్షరాలు. గరగరలాడుతూ, "రత్తీ" అని.

నాలుగైంది. కబురుగది మూశారు.

పుట 9. శుక్రవారం

గాలి, నీరు, పంపులు, అన్నీ, అందరూ బాగున్నారు!

కట్టు విప్పారు. ముందుగా అమ్మనే చూస్తానంది గానీ, కనబడింది డాక్టరమ్మ ముక్కు. "ఇదేటిది, ముందుకొచ్చింది?" అంది రత్నం. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది.

తర్వాత నావైపు తిప్పారు. చాలాసేపు చూసింది.

"మాటాడు" అంది.

"ఏటి మాటాడనమ్మా?"

"ఓలమ్మ, నువ్వే! గొంతు ఇంత లావు, మనిషి ఇంత సన్నమా నాన్నా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఏడవలేదు, ఏం చేశానో నాకు తెలియదు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టింది. ఇప్పుడే వెలుతురూ ఆకారాలూ తెలుస్తున్నాయి, ముఖాలు పోల్చుకోవడానికి కొన్ని రోజులు కావాలి, అప్పుడు కూడా రోజుకు పావుగంటే, అంది. ఫోటోకు వారం ఆగమంది. ఆగుతాం. ఇరవై మూడేళ్లు ఆగాం. నాచుబెల్లం ఉండలు మళ్లీ పంచాను. డాక్టరమ్మకు ఎనిమిది ఇచ్చాను.

పుట 10. శనివారం

గాలి. నీరు. పంపులు. అన్నీ తర్వాత.

వారం రోజులుగా రత్నం ముఖాలు నేర్చుకుంటోంది. మంగవేణిని రెండోరోజే పోల్చింది. నన్ను ఇంకా గొంతుతోనే ఎక్కువ పోలుస్తుంది. నవ్వుకూ కోపానికీ పెదవులెలా ఉంటాయో డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని చేసి చూపించింది. ఎవరు ఎటు చూస్తున్నారో కనుగుడ్లను బట్టి చెప్పడం కూడా నేర్పింది. మొన్న నేను రెండో నాచుబెల్లం ఉండ మీద కన్నేసి ఉంచితే పట్టేసింది.

ఈరోజు పదకొండింటికి ఫోటో తెరిచాం. డాక్టరమ్మ, మంగవేణి, నేను వెనక నిలబడ్డాం. రత్నం తెర ముందు కూర్చుంది.

మచ్చ లేదు, మరక లేదు. ఆకుపచ్చ గోడ ముందు ఇద్దరు ఆడవాళ్లు. ఆరోజు అక్కాచెల్లెళ్లు ఒకే రకం నీలం చీరలు కట్టారని నేను మరిచేపోయాను. ఇద్దరికీ ఒకే నుదురు, ఒకే ముక్కుపుడక. మధ్యలో పాప. ఒకరి ఒళ్లో ఉందో ఇద్దరి చేతుల్లో ఉందో తెలియనంత దగ్గరగా కూర్చున్నారు.

దానమ్మను చూశాను. ఇరవై మూడేళ్లుగా నేను బుర్రలో దాచుకున్న ముఖం కాదు అది. ఇంకా చిన్నపిల్ల. ఇప్పటి రత్నం కంటే చిన్నది. "అదిగోనమ్మా..." అనబోయాను.

"సెప్పకు" అంది రత్నం, వెనక్కి తిరక్కుండానే. "ఎవులూ సెప్పకండి."

నోరు మూసుకున్నాను.

తల అటు వంచింది, ఇటు వంచింది. ఎడమవైపు మనిషిని చూసింది. కుడివైపు మనిషిని చూసింది. మళ్లీ ఎడమవైపు. తప్పు చూపిస్తే ఏం చెయ్యాలి? కాదని నేనెలా చెప్పాలి? వేలెత్తింది, దించింది. తర్వాత కిందికి, పాప దగ్గరికి దిగింది. రొయ్యల గోలలోంచి మొన్న తను ఏరి తెచ్చిన అడుగుభాగం. పాప ముఖం మీద వేలు పెట్టి, అక్కడి నుంచి నెమ్మదిగా పైకి పోనిచ్చింది, దారం పట్టుకుని ఎక్కుతున్నట్టు. ఎక్కి ఎక్కి కుడివైపు మనిషి కళ్ల దగ్గర ఆగింది.

"ఈవిడ" అంది.

వేలు ఎడమవైపు మనిషి మీదికి జరిపింది.

"ఆవిడ నిన్ను తిట్టబోతున్నట్టు సూస్తంది నాన్నా. ఫోటో తియ్యడానికి నువ్వు చానాసేపు నిలబెట్టీసినట్టున్నావు. ఈవిడ నిన్ను సూడ్డమే లేదు. నన్ను సూస్తంది." వేలు పాప దాకా దించింది. "అమ్మ నన్నే సూస్తంది."

"అవునమ్మా" అన్నాను.

ఆ ఫోటో తీసింది నేను. కెమెరా పట్టుకున్నది నేను. ఇరవై మూడేళ్లు, ప్రతి శుక్రవారం, దానమ్మ నావైపే చూస్తోందనుకుంటూ బొట్టు పెట్టాను. ఒక్కనాడు కూడా చూడలేదట! ఇంతకంటే సంతోషమైన సంగతి నా జన్మలో వినలేదు.

డాక్టరమ్మ పావుగంటే అంది. పావుగంట ఎప్పుడో అయిపోయింది. రత్నం లేవలేదు. లేపమని డాక్టరమ్మ వైపు చూశాను. డాక్టరమ్మ గడియారాన్ని అవతలికి తిప్పి, ఇంకో కుర్చీ లాక్కుని రత్నం పక్కన కూర్చుంది.